దింపు

మా పనికి ఎక్కుడు అని ఎవరూ పేరు పెట్టలేదు.
దింపు అంటారు.
ఎండెక్కేలోపు ముప్పై చెట్లు ఎక్కినా
లెక్క మాత్రం కింద పడ్డ కాయలకే.

ఊడిమూడి లంకలో ఎత్తంటే ఏటిగట్టు.
దాని తర్వాత కొబ్బరిచెట్టు.
ఆ తర్వాత ఇక ఆకాశమే,
మధ్యలో మెట్టు లేదు.

తుఫాను వెళ్ళిన మర్నాడు
మట్టపర్తి వారి దొడ్లో
ఈదురుకి ఒంగి మిగిలిన పొడుగు చెట్టు మీద
మోకు బిగించి మొవ్వు శుభ్రం చేస్తుంటే
ఉత్తరాన, కడిగిన గాలి చివర
నీలం గీత ఒకటి కనిపించింది.
మబ్బనుకున్నాను.
మబ్బైతే కదలాలి.
కిందికొచ్చి చెబితే
గెద్దాడ సత్తెయ్య బీడీ తియ్యకుండానే అన్నాడు:
"కొండలవి. మనకేం పని వాటితో, కాయలు కాస్తాయా?"

పని లేకుండా వెళ్ళడానికి పదకొండేళ్ళు పట్టింది.

తెల్లదోమ చెట్లని పీల్చేసి దింపులు ఆగిపోయిన నెల
నేనూ సత్తెయ్యా రావులపాలెంలో బస్సెక్కి
రాజమండ్రిలో ఒకటి మారి, తర్వాత ఇంకోటి మారి
రోడ్డు అయిపోయిన చోట దిగాం.
దారి చూపిస్తానన్న కుర్రాడు సింగన్నరెడ్డి,
ఇంటిపేరు పల్లాల.
"పల్లాల్లో పడుండేది మేమూ, పేరు నీదీనా!"
సత్తెయ్య ఒక మైలు దాకా నవ్వుతూనే ఉన్నాడు.

కొండ పేరేంటని అడిగితే
"దీనికా?" అని వెనక్కి తిరిగి చూశాడు,
ఎప్పుడూ అవసరం పడనట్టు.
పేరున్న కొండకి జనం వెళతారు,
బోర్డుంటుంది, టీ దొరుకుతుంది.
దీనికి వెదురూ, అడ్డతీగలూ,
ఆరిన బురదలో ఒక ఎలుగు పాత అడుగూ.

నా కాళ్ళకి నిలువు తెలుసు.
వాలు తెలీదు.
చెట్టు మీద పాదం పట్టుకోవాలి,
కొండ మీద పాదం నమ్మాలి.
ఆకుల కింద రాయుందో గొయ్యుందో
అడుగు వేసేదాకా నేల చెప్పదు.
మూడుసార్లు నా చెయ్యి నడుముకెళ్ళింది, మోకు కోసం.
సత్తెయ్య మద్దిచెట్టు కనపడ్డ చోటల్లా ఆగి
మొదలు మీద చరిచి
"అరవై అడుగులు, పైగా కొమ్మలు,
ఇదీ ఒక ఎక్కడమేనా" అని తీసిపారేశాడు.
రొప్పు దాచుకోడానికని నాకు తెలుసు.

చెట్లు పలచబడ్డ చోట, కింద, మడుగు.
నాలుగు కొండల మధ్య ఇరుక్కుని
ఎటూ పోలేని నీళ్ళు.
నాకు పోయే నీళ్ళే తెలుసు,
పాయలుగా చీలి, గట్టు కోసి,
లంకని రోజుకింత తిని సముద్రంలో పడేవి.
ఇవి ఉన్నాయి. ఊరికే ఉన్నాయి.
సింగన్న రాయి విసిరితే
ఒక గుటకంత ఆలస్యంగా వచ్చింది చప్పుడు.

ముప్పై రెండేళ్ళు చెట్ల చివర్న ఉన్నాను,
ఒక్కరోజూ కూర్చోలేదు.
పైన ఉండేది కత్తికి పట్టేంత సేపే.
అంతలోనే కింద ఎవరో అరుస్తారు:
తప్పుకోండి, గెలొస్తోంది.

కూర్చున్నాం.
సత్తెయ్య సంచి విప్పాడు.
చద్దన్నం, ఆవకాయ,
అడుగున రెండు బొండాలు.
అంత బరువు, ఆ మోకాళ్ళతో,
కొండ మీదికి మోసుకొచ్చాడు ముసలాడు!
తిట్టబోతే అన్నాడు:
"పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ దింపడమే.
ఒక్కసారి కాయని ఎక్కిద్దామని."
మూడో వాడికి బొండం లేదని
తనది సింగన్నకిచ్చి
నాది సగం తాగేశాడు.

శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది.
రేవులో మోకాలిలోతు దిగి
గుప్పెడు ఒండ్రు వేళ్ళ మధ్య నలుపుతూ
సత్తెయ్య పైకి కేకేశాడు:
"ఎవర్రా దీన్ని దింపుతోందీ?"

నేను చెట్టు మీదున్నాను.
గెల కొట్టడం అయిపోయింది.
కత్తి మట్టలో గుచ్చి, మోకు ఇంకో పట్టు బిగించి
ఉత్తరం వైపు తిరిగాను.
మబ్బు. ఏమీ కనపడలేదు.
కాసేపు అలాగే ఉన్నాను.

కింద ఎవరో అరుస్తున్నారు.